సగం ముంత నీళ్ళ జోస్యం

మా కోదాడ దిక్కు జోస్యం తప్పని మనిషి ఒక్కడే పుట్టిండు. అతను అన్న మాట ఒక్కటీ పొల్లు పోలేదు.

అతన్ని ఉప్పలమ్మ చూసింది తాళం వేసిన గోదాంలో.

నలభై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం. కోదాడకూ మునగాలకూ నడుమ లెవీ వడ్లు పోసే మట్టిగోడల గోదాం. అడవిలో ఉన్నవాళ్ళకు రొట్టెలు పెట్టిండ్రని చిలుకూరు నుంచి కొందరిని పట్టుకొచ్చి, రజాకార్లు అందులో తోసి తాళం వేసిండ్రు.

గోదాం వెనక జొన్నచేను. చేను దాటితే మునగాల పరగణా. చుట్టూ నైజాం నేల, నడుమ ఆ ముక్క మాత్రం అవతలి ఇండియా సర్కారుది. ఆ కాలంలో అసొంటి వింతలుండేవి.

చెయ్యి చాస్తే అందేంత దూరం. ఆ చెయ్యే బయటికి పోదు.

సూర్యాపేట నుంచి లారీ వస్తదన్నడు పహరా జవాను. అంతకుముందు ఆ లారీ ఎక్కినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు.

ఉప్పలమ్మకు ఇంటికాడ పాలు మరవని పిల్ల ఉంది.

తోవలో దొరికిన పరదేశి ఒకడు కూడా లోపలే ఉన్నడు. ఒక గొంగడి, ఒక చెంబు, చేతికి ఇనుప కడెం. వెనక గోడకు ఆనుకొని కూసున్నడు, ఇగ లేవలేదు.

"జోస్యం చెప్త," అన్నడు. "మనిషికి సగం ముంత నీళ్ళు."

మనిషికి రోజుకు దొరికేదే ఒక్క ముంత. అయినా తాళం వెనక ఉన్నోళ్ళకు నీళ్ళకన్నా రేపటి మీదనే దాహం. పోసిండ్రు.

"తాగంగ సూడొద్దు. సూస్తే వాక్కు పోతది," అని గోడ దిక్కు తిరిగి గొంగడి కప్పుకునేటోడు.

సైదయ్య చిలుకూరు అల్లుడు. సొంతూరు మిర్యాలగూడ పక్కన. నోరు ఊకుండని మనిషి.

"మా మిర్యాలగూడ సంగతి చెప్పు."

"ఆ చెలకల్ల వరి పండదు. గుప్పెడు బియ్యానికి బెజవాడ పోవాల్సిందే."

"మరి కోదాడ?"

"గాడ బండి ఆగదు. చాయ్ పోసేటోడు కూడ ఉండడు."

"మా ఇంటికి కన్నమేసి కంచు గిన్నెలు ఎత్తుకపోయిండొకడు. వాని చేతులు పడిపోను. దొరుకుతడా?"

పరదేశి చేతి కడెం గొంగడి కిందికి జరుపుకున్నడు. "వాడు నీకు ఈ జన్మల దొరకడు."

"సగం ముంతకు గిదేనా?"

పహరా జవాను కిటికీలో నుంచి మొహం పెట్టిండు. "నాది కూడ చెప్పరాదు."

"నీ సర్కారు ఇంకో నూరేండ్లు ఉంటది. నువ్వు జమేదారువైతవు."

జవాను మురిసి చెంబు నిండా పోసిండు.

పొద్దు మారినకొద్దీ పరదేశి ఎత్తుగా కూసుంటున్నడు.

"ఏందయ్యా, నీళ్ళు తాగి నారు లెక్క పెరుగుతున్నవా?" అన్నడు సైదయ్య.

"జోస్యం చెప్పేటోనికి గద్దె ఉండొద్దా?"

"ఇన్ని నీళ్ళు తాగి నీ గొంతు గట్ల బొంగురుపోయిందేంది?"

పరదేశి మళ్ళా గోడ దిక్కు తిరిగి గొంగడి కప్పుకున్నడు.

ఆఖరుకు ఉప్పలమ్మ కూడా ముంత తెచ్చింది. "నా పిల్లను సూస్తనా, అన్నా?"

అతను తలుపు దిక్కు చూసిండు. "ఈ తలుపుల నుంచైతే నువ్వు బయటికి పోవు చెల్లె. మీరెవ్వరు పోరు."

"నీ నోట్ల మన్ను పడ. నా నీళ్ళు నాకియ్యి."

చెంబు అప్పటికే ఖాళీ.

"ఈ పక్షంల చినుకు పడదు," అన్నడు కూడా. మర్నాడు సందెకు వాన దంచికొట్టింది. ఆ వానలోనే లారీ వచ్చి ఆగిన చప్పుడు.

జవాను తలుపు తీసిండు. "వాన తగ్గంగనే అందరూ ఎక్కాలె. జోస్యమాయన, నువ్వు రా. లారీల వచ్చిన జమేదారు సాబుకు పొద్దు పోతలేదట."

పరదేశి గొంగడి గద్దె మీదనే వదిలి లేచిండు.

"చెల్లె, నేను పోయినంక జర ఆ గొంగడి దులుపు."

పోతూ పోతూ ఆమెను చూసి నవ్విండు.

తలుపు పడ్డది. ముందర వసారాలో అతని గొంతు మొదలైంది. జమేదారు ఢిల్లీకి నవాబు అయితడట. ఒకటే నవ్వులు.

"నేనేమన్న నీ ఇంటి జీతగత్తెనా?" అని ఉప్పలమ్మ కోపంతో గొంగడి గుంజింది.

గద్దె కాదు. కడెంతో తవ్విన మన్ను. దాని వెనక గోడకు మనిషి పట్టేంత గుండ్రటి గుంత. ఆమె చెయ్యి పెట్టింది. అవతల మిగిలిన పలుచటి మన్ను విరిగి, అరచేతిలో వాన పడ్డది.

వాళ్ళ నీళ్ళన్నీ తాగింది గోడ.

ఒక్కొక్కరే జొన్నచేన్లోకి జారిండ్రు. వసారాలో జోస్యం నడుస్తనే ఉంది.

సైదయ్య ఆ గొంగడి కప్పుకొని ఆఖరున దిగబోతూ గుంత అంచు తడిమి ఆగిపోయిండు.

"ఏమైందన్నా, పా," అన్నది ఉప్పలమ్మ.

"మా ఇంటి గోడకు గిట్లనే ఉండె," అన్నడు నెమ్మదిగా. "గింతే గుండ్రంగ. గింతే నున్నగ."

వారం తిరిగిందో లేదో ఆ సర్కారే పోయింది. ఉప్పలమ్మ చిలుకూరు పోయి పిల్లను ఎత్తుకుంది. జవాను జమేదారు కాలేదు. ఇయ్యాల మిర్యాలగూడలో ఎటు చూసినా రైసుమిల్లులే. కోదాడలో చాయ్ తాగనిదే బస్సు డ్రైవరు చెయ్యి స్టీరింగు మీద పడదు.

మొదట్లో ఒక్కటీ పొల్లు పోలేదన్ననా? ఒక్కటి తప్ప అన్నీ పొల్లే. తలుపు మాట ఒక్కటే నిలిచింది.

ఆగుండ్రి, రెండు. ఆ గొంగడి భుజాన వేసుకొని, కన్నం దొంగను వెతుక్కుంటూ సైదయ్య బతికినంత కాలం ఊరూరు తిరిగిండు. దొరకలేదు.

ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్క ముక్క: పోతూ పోతూ నవ్విండన్నానే, అది. ఎండి పగిలిన ఆ పెదిమలతో నవ్వడం ఎవరి తరమూ కాదని ఉప్పలమ్మే చెప్పింది.