ఒక్కసారి చంపితే చాలు

ఇంక్యుబేటరు పొద్దున్నుంచీ గుర్రు పెడుతోంది.

రిపేరు మనిషికి ఆరుసార్లు ఫోన్ చేసింది కంగారమ్మ. అసలు పేరు వేరే ఉందిలెండి. ఆ హడావుడి చూసి ల్యాబులో అందరూ అలాగే పిలుస్తారు.

కంగారు పడక ఏం చేస్తుంది? మూడేళ్లు కష్టపడి చేసిన టీకా కుందేళ్లకు వేస్తే, వాటి రక్తంలో రోగాన్ని ఎదిరించే శక్తి ఆవగింజంత కూడా పుట్టలేదు.

ఆ ఆవరణలో తయారవుతున్న టీకాలు రెండు. వీళ్లు మందు పోసి వైరస్‌ను చంపుతారు. ఈమధ్యే ఎదురు భవనంలోకి వచ్చినవాళ్లు కిరణాలతో చంపుతారు. మూడు నెలల్లో ఏదో ఒకటే ముందుకెళ్తుంది. రెండో ల్యాబుకు తాళమే!

ఇంతలో నలిగిన చొక్కా, చేతిలో పెట్టెతో ఓ పెద్దాయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, కాస్త ఐసు..."

"ఐసు సంగతి తర్వాత చూద్దాం. హమ్మయ్య, వచ్చారు, అదే పదివేలు! ముందు దీని పని పట్టండి" అంటూ ఆయన్ని లాక్కెళ్లినంత పని చేసింది.

ఆయన ఏదో చెప్పబోయి, నవ్వి ఊరుకున్నాడు. బల్ల మీది స్క్రూడ్రైవరు తీసుకుని వదులైన ఫ్యాను బిగించాడు. గురక ఆగింది.

"లోపల ఏముందమ్మా?"

"వైరస్. ఫార్మలిన్ పోసి, వెచ్చగా ఉంచి చంపుతాం."

"ఎన్నాళ్లు?"

"మూడు రోజులు."

పక్కనే ఉన్న టెక్నీషియన్ తల గోక్కున్నాడు. "ఎందుకైనా మంచిదని నేను ఇంకో రోజు ఉంచుతున్నానండీ."

"అయ్యో రామా! నేను మందు కాస్త ఎక్కువే పోస్తున్నానే, ఎందుకైనా మంచిదని!" అంది సీనియర్ అక్క.

కంగారమ్మ గొంతు తగ్గించింది. "నేనూ వేడి రెండు డిగ్రీలు పెంచానక్కా."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకే కూరలో ఇంటిల్లిపాదీ ఎవరికి వారు ఉప్పు వేసినట్టుంది వ్యవహారం.

పెద్దాయన పడీ పడీ నవ్వాడు.

"చచ్చిన పామును ఎన్నిసార్లు చంపుతారమ్మా? ప్రాణం తీయాలి గానీ రూపు చెడగొట్టకూడదు. ఒంట్లో కాపలావాళ్లు దొంగ మొహం చూసి గుర్తుపెట్టుకుంటారు. మీరు మొహమే చెరిపేస్తే, పాపం వాళ్లు ఎవర్ని గుర్తుపెట్టుకుంటారు?"

"మరి ఒకటీ అరా బతికుంటే?"

"దానికి పరీక్షలున్నాయిగా! చచ్చిందో లేదో అక్కడ తేల్చుకోండి. భయమేసినప్పుడల్లా మందు పోస్తే ఎలా?"

"ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"ల్యాబుల చుట్టూ తిరిగి తిరిగి నాలుగు ముక్కలు వంటబట్టాయిలే."

కంగారమ్మ ఆత్రంగా నోటుబుక్కు తెరిచి లెక్క సరిచూసుకుంది. తలెత్తేసరికి ఆయన లేడు. పేరైనా అడగలేదే అనుకుని నాలిక కరుచుకుంది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"మేడం, ఇవాళ కుదర్లేదు. రేపు తప్పకుండా వస్తాను" అన్నాడు రిపేరు మనిషి.

"మరి పొద్దున వచ్చిందెవరు?"

"నాకేం తెలుసు మేడం!"

ఆ సంగతి ఆలోచించే తీరిక దొరకలేదు. కొత్త బ్యాచ్ మొదలైంది. ఈసారి ఇంక్యుబేటరు తాళం ఒక్కరి దగ్గరే ఉంది. మూడంటే మూడే రోజులు. పరీక్షలో బతికిన వైరస్ ఒక్కటీ కనబడలేదు. టీకా వేసిన కుందేళ్ల రక్తంలో పుట్టిన శక్తి చూసి టెక్నీషియన్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.

మూడు నెలలకు ఫలితం ప్రకటించారు. వెంట్రుకవాసి తేడాతో వీళ్ల టీకాయే గెలిచింది!

కంగారమ్మ అక్కను కౌగలించుకుని గిరగిరా తిప్పేసింది. ఆనందంతో ఏడ్చింది కూడా. అప్పుడు ఎదురు భవనం వాళ్లు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

గెలిచినవాళ్లకు పూలగుత్తి అందించమని, తాళం పడబోతున్న ఆ ల్యాబు పెద్దను వేదిక మీదికి పిలిచారు.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతూ మెట్లెక్కి వచ్చింది, ఆ రోజు వాళ్ల ఇంక్యుబేటరు బాగుచేసి వెళ్లిన పెద్దాయనే.