మొదటి బ్రేకు

“బ్రేకు తొక్కానంటోంది మీ అమ్మాయి. తొక్కలేదంటోంది కారు. నన్నెవరి మాట నమ్మమంటారు వెంకటరత్నంగారూ?”

జగ్గయ్యపేట మైదానంలో కారు దిగుతూ బ్రేకు ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న అది. వెంకటరత్నం తల దించుకున్నాడు. నందిగామలో పాతికేళ్ళుగా మెకానిక్కు అతను. ఎంత మొండి బండినైనా చెప్పినచోట ఆగేలా చేస్తాడని హైవే మీద తిరిగే లారీల వాళ్ళందరికీ అతని పేరు తెలుసు. ఇవాళ అతని కళ్ళముందే కూతురి కారును ఇన్‌స్పెక్టరు నాలుగు రౌండ్లు తిప్పి నాలుగుసార్లు సడెన్‌బ్రేకు కొట్టాడు. నాలుగుసార్లూ మేకు దిగ్గొట్టినట్టు ఆగింది.

సోమవారం పొద్దున మాత్రం ఆగలేదు. కంచికచర్ల స్కూల్లో టీచరుగా చేస్తున్న ప్రమీలారాణి ఆరున్నరకి, ఆ మంచులో, ఇంట్లోంచి కారు తీసింది. వంద గజాలు కూడా పోలేదు. సందు చివర పల్లంలో పాలమ్మే సౌభాగ్యమ్మ రోడ్డు దాటుతోంది. ముసలామె అక్కడికక్కడే పోయింది. తొక్కాను, గట్టిగానే తొక్కాను, ఆగలేదు అని అప్పట్నించీ రాణిది ఒకటే మాట.

ఆ మాట నమ్మాలంటే వెంకటరత్నం తన చేతుల్ని అనుమానించాలి. ఆదివారం సాయంత్రం ఆ కారుకి బ్రేకు ప్యాడ్లు మార్చింది అతనే. అవి అల్లాటప్పా ప్యాడ్లు కావు. మిర్చి వ్యాపారి సుబ్బరాయుడిగారబ్బాయి కల్యాణ్‌కి కారు రేసుల పిచ్చి. మద్రాసు వెళ్ళి ట్రాకు మీద నడిపి వస్తుంటాడు. మొదట రేసు ప్యాడ్లు తెచ్చి వేయించుకున్నాడు. ఒక్క రేసు కాగానే అవి కంటికి ఆనలేదు. ముందు చక్రాలకి పెద్ద డిస్కులూ వాటికి తగ్గ సరంజామా అంతా కొత్తది పెట్టించాడు. పాత ప్యాడ్లు వాటికి సరిపోవు కాబట్టి పారేయమన్నాడు. సగం కూడా అరగని ఫారిన్ సరుకును పారేయడానికి వెంకటరత్నానికి చేతులు రాలేదు. రాణిదీ అదే మోడలు కారు. రేసు బండినే ఆపినవి, బడికెళ్ళే బండిని ఆపవా అనుకున్నాడు. బిగించాక కీసర దాకా పోయి, దారంతా తొక్కి తొక్కి చూసుకుని వచ్చాడు. నీ కారుకున్న బ్రేకులు కలెక్టరు కారుకి కూడా లేవమ్మా అని కూతురి దగ్గర మురిసిపోయాడు.

ఇవాళ నందిగామ స్టేషన్లోంచి కారు నడుపుకొచ్చిందీ అతనే, పక్కన కానిస్టేబులు. స్టేషను గేటు దగ్గర మొదటిసారి తొక్కినప్పుడు బండి కాస్త జారినట్టనిపించింది గానీ, అది తన కాలి వణుకేననుకున్నాడు. ఆ తర్వాత జగ్గయ్యపేట దాకా ఎన్నిసార్లు తొక్కాడో లెక్కలేదు. ఒక్కసారి కూడా వంక పెట్టడానికేమీ దొరకలేదు.

“మెకానిక్కుగా మీరే చెప్పండి. బ్రేకుల్లో లోపం ఉందా?” కాగితం ముందు పెట్టాడు ఇన్‌స్పెక్టరు.

ఉందేమోనండి అంటే చాలు, రాణికి కొంత ఊపిరాడుతుంది. ఆ సంగతి వెంకటరత్నానికి తెలుసు. కానీ లేని లోపం ఉందని రాసి పాతికేళ్ళ పేరు తన చేత్తోనే తుడుచుకోవడం అతని వల్ల కాలేదు.

“లేదండీ” అని సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చి చెప్పినప్పుడు రాణి ఏడవలేదు. చాలాసేపు తన కుడికాలి వంకే చూసుకుంటూ కూర్చుంది. కంగారులో ఏం తొక్కామో ఎవరికీ గుర్తుండదని వెంకటరత్నం సర్దిచెప్పబోయాడు.

“నువ్వు కూడా నమ్మట్లేదా నాన్నా?”

అతను కిటికీ వైపు తిరిగాడు.

“అయితే తొక్కలేదేమోలే” అంది రాణి.

మర్నాడు పొద్దున్నే స్టేషనుకెళ్ళి ఆ మాటే రాసిచ్చింది. బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కి ఉంటానని తనే కలిపింది కూడా. శిక్ష ఎన్నాళ్ళు పడుతుందని ఎవర్నీ అడగలేదు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. వెంకటరత్నం కంచంలో అన్నం పెట్టి తీసుకెళ్తే, ఆ ముసలమ్మని నేను చంపేశాను కదా నాన్నా అని మెల్లిగా అంది. అతను కంచం మంచం పక్కన పెట్టేశాడు. ఇంట్లో ఉండలేక షెడ్డుకొచ్చి కూర్చున్నాడు.

మధ్యాహ్నం కల్యాణ్ వచ్చాడు. మద్రాసు నుంచి నేరుగా రావడంతో అతనికి ఈ గొడవేమీ తెలియదు. డిక్కీలోంచి ఓ కొత్త పెట్టె తీసి వెంకటరత్నం చేతిలో పెట్టాడు. ఈ ప్యాడ్లు ఊళ్ళో తిరగడానికట. రేసుకెళ్ళేటప్పుడు రేసు ప్యాడ్లు మార్చుకుంటాడట. వెంకటరత్నం రెంచీ చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క కారుకి రెండు రకాలెందుకని, ఏదో అడగాలి కాబట్టి అడిగాడు.

“నాకూ మొన్ననే తెలిసింది బాబాయ్. మద్రాసు షాపతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. రేసు ప్యాడ్లు బాగా వేడెక్కితే గానీ పట్టవంట. పదిసార్లు తొక్కాక వాటిని మించినవి లేవంట. పొద్దున్నే చల్లటి బండి తీసి మొదటిసారి తొక్కామా, ఎంత గట్టిగా తొక్కినా తొక్కనట్టేనంట.”

కల్యాణ్ చేతులు దులుపుకుంటూ షెడ్డంతా ఓసారి కలయజూశాడు.

“నా పాతవి అప్పుడే పారేశావుగా బాబాయ్?”