కంచె మీదుగా

"ఇదిగో, ఇస్తున్నా. అందిందా?"

కంచెకు అవతల నిలబడ్డ బ్లేయర్ రెండు చేతులూ చాచాడు. తుపాకీ పట్టుకుని ఎవరూ కంచె దాటకూడదు. ముందు దాటినవాడు అందుకుని "అందింది" అన్నాకే రెండోవాడు వదలాలి. మామగారు మెర్విన్ పొద్దున్నుంచి ఈ మాట మూడుసార్లు చెప్పాడు.

బ్లేయర్ వేళ్లకు చల్లటి చెక్క తగిలింది. "అం..." అన్నాడు.

అంతే. ఎయిర్‌గన్ జారి కింద రాతి మీద ఠంగున పడింది. నలభై అడుగుల దూరంలో గడ్డి మేస్తున్న కుందేళ్లు నాలుగూ తెల్ల తోకలు చూపించి ముళ్లపొదల్లోకి మాయమయ్యాయి.

బ్లేయర్ వంగి దాన్ని ఎత్తాడు. పైన బిగించిన దుర్బిణి పక్కకి వాలిపోయింది.

"మామయ్యా, పట్టుకున్నాననే అనుకున్నాను. మీ నాన్నగారి తుపాకీ..."

మెర్విన్ దాన్ని తీసుకుని బొటనవేలితో దుర్బిణి అంచు తడిమాడు. అద్దం మీద చీలిక దగ్గర వేలు ఆగింది.

"చెక్క గట్టిదే, మా నాన్నలాగా. దుర్బిణే పోయింది. గురి తప్పిన తుపాకీతో ఏం కొడతాం? ఇంటికి పద."

"తిట్టరా?"

"తిడితే కుందేళ్లు వెనక్కొస్తాయా?"

అంతకంటే తిట్టినా బాగుండుననిపించింది బ్లేయర్‌కి.

షోనాని పెళ్లి చేసుకుని ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో అత్తవారింట్లో అతను పగలగొట్టినవాటిలో పింగాణీ టీ కుండ ఒకటి, స్నానాలగది తలుపు ఒకటి. ట్రాక్టరు వెనక్కి తీస్తూ నీళ్ల ట్యాంకుని పడగొట్టడం మాత్రం ఊరంతా చెప్పుకుంది. అందుకే ఈస్టర్ ముందురోజు మామగారు వేటకి వెళ్లేటప్పుడు వెంట ఎప్పుడూ పెద్దకొడుకు గ్రాంటే వెళ్లేవాడు.

ఆ వేట మెర్విన్‌కి పండగకంటే ఎక్కువ. చొక్కా జేబులో ఒక్కటంటే ఒక్కటే సీసపు గుండు వేసుకుని వెళ్తాడు. ఒక్క దెబ్బకి ఒక్క కుందేలు. మర్నాడు ఇంటిల్లిపాదికీ అదే కూర. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆ గుండు ఒక్కసారీ తప్పలేదు. ఊళ్లోవాళ్లు పబ్‌లో కొత్తవాళ్లకి ఆయన్ని చూపించి మరీ ఆ సంగతి చెబుతారు.

అలాంటిది ఈసారి భోజనాల దగ్గర ఆయన హఠాత్తుగా, "రేపు బ్లేయర్ వస్తాడు" అన్నాడు.

గ్రాంట్ ముద్ద మింగడం మర్చిపోయాడు. "బ్లేయరా? నాన్నా, మన బ్లేయరేనా?"

"నువ్వొస్తే దారంతా ప్రశ్నలు. వాడు నోరు మూసుకుని నడుస్తాడు."

పొద్దున్న షోనా భర్త కాలర్ సర్దుతూ, "ఆరేళ్లకి మా నాన్న నిన్ను అల్లుడని ఒప్పుకున్నాడు. దేవుడి మీద ఒట్టు, ఏదీ పడెయ్యకు" అంది.

నిజంగానే ఆ పొద్దు ఎంత బాగా మొదలైందో! మామగారు బండి తాళాలు అతని చేతికే ఇచ్చాడు. గట్టెక్కుతుంటే భుజమ్మీద చెయ్యి వేసి, పైదాకా తియ్యలేదు. షోనా చూస్తే బాగుండుననుకున్నాడు బ్లేయర్.

"అవతల ఎన్ని ఉన్నాయో చెప్పు, నీ కళ్లెలా ఉన్నాయో చూద్దాం" అన్నాడు మెర్విన్.

"నాలుగు. ఎడమ చివరది బాగా బలిసింది."

"ఫరవాలేదే! పనికొస్తావు."

ఆరేళ్లలో అదే మొదటి మెప్పు. ఆ తర్వాత పది నిమిషాలకి కంచె వచ్చింది.

ఇంటికి చేరేసరికి గ్రాంట్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బండిలోంచి దిగిన తుపాకీని చూసి తల పట్టుకున్నాడు.

"ఏం పగిలింది అని అడగను బావా. ఏం మిగిలిందో చెప్పు."

"వాణ్ణేమీ అనకు" అన్నాడు మెర్విన్. "తప్పు నాది. వాడు అందింది అనకముందే వదిలేశాను."

అందరూ పకపకా నవ్వారు. "చూడండి, అల్లుణ్ణి ఎలా వెనకేసుకొస్తున్నాడో!" అంది అత్తగారు ఐల్సా. "పోనీలే, ముప్ఫై ఒక్కేళ్ల పేరు మాత్రం పోయింది."

"ఎలా పోతుంది?" మెర్విన్ జేబులోంచి గుండు తీసి బల్ల మీద పెట్టాడు. "పేల్చని గుండు తప్పినట్టా?"

ఆలోచించి చూస్తే అదీ నిజమే. గ్రాంట్ కొత్త దుర్బిణి తెప్పిస్తానంటే, "తొందరేం లేదు" అన్నాడాయన. ఐల్సా నిట్టూర్చి గొర్రెమాంసం తెమ్మని షోనాని కొట్టుకి పంపింది.

బ్లేయర్‌కి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. కట్టెలు కొడితేనైనా చేతులకి బుద్ధొస్తుందని, ఎర్ర కోటూ టోపీ వరండాలో కొక్కేనికి తగిలించి పెరట్లోకి వెళ్లాడు. పెద్దాయన తనని కాపాడుకున్న తీరు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఇక జన్మలో ఆయన తనని వేటకి పిలవడు.

చేతినిండా కట్టెలతో తిరిగొస్తుంటే వరండాలోంచి మామగారి గొంతు వినిపించింది. ఇంత మెత్తగా ఆయన మాట్లాడగా బ్లేయర్ ఎప్పుడూ వినలేదు.

"మనసులో పెట్టుకోకు అల్లుడూ. వచ్చే ఏడూ నువ్వే రావాలి నాతో. నువ్వుంటేనే నాకు ధైర్యం... ఏం, పలకవేం? కోపమా?"

మెట్ల కింద బ్లేయర్ జవాబివ్వబోయి, అలాగే ఆగిపోయాడు.

మామగారు మాట్లాడుతున్నది కొక్కేనికి వేలాడుతున్న అతని కోటుతో.