అన్నీ ఒకేచోట

“కింద షాపులు, మధ్యలో ఆఫీసులు, పైన ఇళ్లు! మనిషికి కావలసినవన్నీ ఒకేచోట అత్తయ్యా!”

అల్లుడు ఈ మాట అనడం ఇది ఏడోసారి. అత్తగారు లెక్కపెడుతూనే ఉంది.

కూతురింటికి వచ్చి నాలుగు రోజులైంది. ఊరి చివర కొత్తగా లేచిన ఈ భవనం చూపిస్తానని అల్లుడు నాలుగు రోజులూ ప్రాణం తోడేశాడు. మోకాళ్ల నొప్పులంది, ఎండంది. వింటేగా! ఆదివారం పొద్దున్నే కారెక్కించాడు. కూతురు తెలివైంది, తలనొప్పని ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక మొదలు. ఈ మెట్టు ఎత్తెంత, ఆ అద్దం మందమెంత, గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుంది. పైగా మేడ మీదకెళ్లాక ఓ మంచి మాట చెప్తానని ఊరింపొకటి. అల్లుడికి ఇంత వాగుడుందని పెళ్లికి ముందు ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

రెండో అంతస్తులో అత్తగారు ఆగిపోయింది.

“బాబూ, బాత్రూం ఎక్కడ?”

అల్లుడి నోరు ఠక్కున మూతపడింది. కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది.

“ఇటు... ఇటు రండి అత్తయ్యా.”

ఇటు చెప్పుల షాపు. అటు బ్యాంకు. పైన పళ్ల డాక్టరు. మళ్లీ చెప్పుల షాపు. అత్తగారి అడుగులు దగ్గర దగ్గరగా పడుతున్నాయి.

“ఎవరినైనా అడగవయ్యా!”

“అక్కర్లేదత్తయ్యా, నాకు తెలుసు.”

“తెలిసే తిప్పుతున్నావా?”

యూనిఫాం కనబడితే చాలు, అల్లుడు మొహం తిప్పుకుని పక్కకి తప్పుకుంటున్నాడు. మగాళ్లకి దారి అడగాలంటే తలకొట్టేసినట్టుంటుంది. ఆవిడ మొగుడూ అంతే. అత్తగారికి ఏడుపొక్కటే తక్కువ. ఈ వయసులో, ఇంతమంది మధ్య, అల్లుడి ముందు పరువు పోతే ఇంకేమైనా ఉందా!

ఇక లాభం లేదని నేల తుడుస్తున్న ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

“తల్లీ, బాత్రూం!”

“ఇక్కడెక్కడమ్మా? షాపుల్లో లేదు, ఆఫీసుల్లో లేదు, ఆఖరికి పైన ఇళ్లల్లోనూ లేదు. మేమంతా రోడ్డవతల పెట్రోలు బంకుకే పోతాం. రండి, దగ్గర దారుంది.”

పది నిమిషాల తర్వాత మళ్లీ మేడ ముందుకొచ్చేసరికి అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు కోపం కూడా.

“ఇంత పెద్ద మేడలో ఒక్కటీ కట్టలేదా?”

“ప్లాను గీసినాయన మర్చిపోయాడమ్మా. కట్టేవాళ్లు కాగితంలో ఉన్నదే కట్టారు. మొన్న తెరిచాక గానీ ఎవరికీ తట్టలేదు. ఆయనకి చెబుదామంటే ఎవరికీ నోరు రాలేదు.”

అత్తగారికి ఒళ్లు మండింది. వాడి బుర్రలో గుజ్జుందా, గడ్డుందా అంది. వాడింట్లో ఆడవాళ్లు లేరా అంది. అలాంటివాడికి పిల్లనిచ్చిన వెర్రితల్లి ఎవరో, పాపం, అంది.

“ఆ మహానుభావుడు ఒక్కసారి కనబడితే బావుణ్ణు, కడిగేద్దును!”

తుడిచే ఆవిడ అత్తగారి భుజం మీదుగా చూసి నవ్వాపుకుంది.

“కనబడకేమమ్మా, మీ వెనకాలే తల దించుకుని నిలబడ్డాడుగా!”