బొగడబంతి విత్తనాలు

"ఎండిపోయిన మొక్కకి నీళ్లు పోస్తున్నారేంటి, బావగారూ?" అంది మరదలు మేడ మీదికి వస్తూనే.

బస్సు డ్రైవరు చెంబు దించలేదు. "ఇన్ని పూలు కనిపిస్తుంటే ఎండిపోయిందంటావేంటి?"

ఆమె ఒక కొమ్మ వంచింది. పుటుక్కున విరిగింది.

"బొగడబంతి ఇంతే. మొక్క పోయినా పువ్వు రంగు వదలదు. బస్సు చెడితే తెలుస్తుంది మీకు, మొక్క చస్తే తెలీదు. పోయి నెలయ్యుంటుంది."

ఆ నెలంతా అతను కింద మంచంలో ఉన్న భార్యకి, నీ మొక్క బ్రహ్మాండంగా ఉందని రోజూ చెప్పాడు. నాకూ బాగానే ఉందండీ అని ఆమె రోజూ నవ్వింది.

"మీ అక్కతో అనకు," అన్నాడు.

"నన్ను పంపిందే అక్క. పువ్వు నలిపి విత్తనం తీయడం, ఎండ పడేచోట చల్లడం మీకు నేర్పమంది."

"నాకెందుకు? వచ్చే ఏడు తనే చల్లుకుంటుంది. మొన్న డాక్టరు అంతా బాగుందన్నాడటగా. తీసుకెళ్లింది నువ్వేగా?"

మరదలు తల వంచుకుంది. ఒక పువ్వు తుంచి అతని అరచేతిలో పెట్టింది.

అతను చెంబు కింద పెట్టాడు.

"గట్టిగా నలపాలా, మెల్లగానా?" అని అడిగాడు.