ఆరు చక్రాల బండి

"ట్రైలర్ లాగాలి. రోజూ ఆఫీస్‌కీ అదే డ్రైవ్ చేయాలి. అలాంటి డ్యూయలీ చూపించండి," అన్నాడు రత్నరాజు.

సేల్స్‌మన్ రఘువీర్ ఎగాదిగా చూశాడు. ట్రాయ్ ఊళ్లో ట్రక్కులు అమ్మడం అతనికి కొత్త కాదు. కానీ చొక్కా టక్ చేసుకుని, పాత క్యామ్రీలో భార్యను వెంటబెట్టుకుని వచ్చి డ్యూయలీ అడిగిన తెలుగాయన ఇంతవరకూ తగల్లేదు. డ్యూయలీ అంటే మాటలా! వెనక ఒక్కో వైపు రెండేసి చక్రాలు, మొత్తం ఆరు. పక్కన నిలబడితే ఆయన భార్య లూసీ తల దాని కిటికీ అంచుకి కూడా అందలేదు.

"ఏం లాగుతరు సార్? బోటా, లోపల పండుకునే క్యాంపరా?"

"క్యాంపర్. పెద్దది."

"రిటైర్మెంట్ ప్లానా? మంచిగుంది సార్!"

రత్నరాజు వంగి వెనక చక్రాలను చూశాడు. కొన్నాళ్లుగా అతనికి కంటి మీద కునుకు లేదు. ఔననాలో కాదనాలో సోమవారం పొద్దున చెప్పేయాలి. చెప్పాక ఇక వెనక్కి తీసుకునేది ఉండదు. లూసీ మొదటి నుంచీ కాదనే అంటోంది. ఔనంటే ఆవిడ బతికినంతకాలం తనతో మాట్లాడదేమో. కాదంటే రేపు తనకి నిద్ర పడుతుందా అంటే, అదీ తెలియదు. మధ్యలో పాస్టరు షాలేం రాజుగారొకరు. ఫోన్ చేసినప్పుడల్లా "ఔననేయండి బ్రదర్, గుండె బరువు దిగుతుంది" అంటారు. చెప్పడానికేం, ఆయన ఎన్నైనా చెబుతారు. తర్వాత మోయాల్సింది వీళ్లు కదా!

రఘువీర్ తలుపు తీశాడు. మైలేజీ ఎంత, డిస్కౌంట్ ఎంత అనే రెండు ప్రశ్నలకూ జవాబులు నాలుక చివర పెట్టుకుని ఉన్నాడు, పాపం. వాటి ఊసే ఎవరూ ఎత్తలేదు.

లూసీ డ్రైవర్ సీట్లోకి ఎక్కింది. కుడివైపు అద్దంలోకి చాలాసేపు చూసింది.

"వెనక చక్రాల పక్కన ఎవరైనా ఉంటే ఇందులో కనిపిస్తారా?"

"కనిపిస్తరు మేడమ్. కెమెరా కూడా ఉంది."

"మరి ట్రైలర్ తగిలిస్తే?"

"అప్పుడు జరంత కష్టమే. ఎవరికైనా అంతే మేడమ్. అలవాటైపోతది."

లూసీ కిందికి దిగిపోయింది.

"తొందరేం లేదు సార్. ఇంటికి పోయి నిమ్మళంగా ఆలోచించుకోండి," అన్నాడు రఘువీర్.

"టైం లేదు. సోమవారం చెప్పేయాలి."

ఇంకో షోరూంవాళ్లెవరో ఆఫర్ ఇచ్చి గడువు పెట్టారనుకున్నాడు రఘువీర్. అడక్కుండానే రేటు తగ్గించాడు.

"ట్రైలర్ తగిలించి నడిపి చూడొచ్చా?" అన్నాడు రత్నరాజు.

షోరూం వెనక ఖాళీ స్థలంలో, ఇలా నడిపి చూసేవాళ్ల కోసమే బరువు నింపిన ట్రైలర్ ఒకటి ఉంది. రఘువీర్ దాన్ని ట్రక్కుకి తగిలిస్తుండగా లూసీ క్యామ్రీ దగ్గరికి వెళ్లి డిక్కీ తెరిచింది. దార్లో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగి కొన్న బియ్యం బస్తా అందులో ఉంది. ఇంట్లో తినేది ఇద్దరే అయినా, ఇరవై పౌండ్లది చాలదని నలభై పౌండ్లదే తీయించింది. ఆ బస్తాను రెండు చేతులా పొదివి పట్టుకుని, ఆయాసపడుతూ తెచ్చి, ఆ స్థలం చివర కుడి మలుపులో గట్టు పక్కన పడుకోబెట్టింది.

రఘువీర్ నోరు తెరిచాడు. అంతలోనే లూసీ మెడలో సిలువ కనబడి తనే అర్థం చెప్పుకుని నవ్వేశాడు.

"మా ఇంట్ల అయితే కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడ్తం. దీనికి ఆరు కావాలె! మీ చర్చోళ్లు బియ్యం పెడ్తరా మేడమ్?"

లూసీ మలుపు దగ్గరే నిలబడిపోయింది.

రత్నరాజు స్టీరింగ్ పట్టుకున్నాడు. పక్క సీట్లో రఘువీర్ మాటలు ఆపడం లేదు. ఇంజిన్ గురగురలాడుతోంది, వెనక నుంచి ట్రైలర్ కుదుపులు. మలుపు దగ్గర పడింది. తెలియాలి ప్రభువా, నాకు తెలియాలి అని లోపల్లోపల వేడుకుంటూ స్టీరింగ్ కుడికి తిప్పాడు.

"సీటు కింద కూలింగ్ కూడా ఉంటది సార్, ఎండాకాలం..." అంటున్నాడు రఘువీర్.

ట్రక్కు మలుపు తిరిగింది. మళ్లీ తిన్నగా సాగింది. రత్నరాజు కొంత దూరం పోనిచ్చి ఆపి, దిగి వెనక్కి నడిచాడు.

బస్తా చిరిగి రెండుగా పడుంది. తారు మీద బియ్యం తెల్లగా చెదిరిపోయింది. చాలా గింజలు పిండైపోయాయి. లూసీ ఏరబోతున్నట్టు వంగి, మళ్లీ నిటారుగా నిలబడింది.

"అయ్యో, పోనీండి మేడమ్, బియ్యందేముంది! ఇంకో బస్తా వస్తది," అన్నాడు వెనకే వచ్చిన రఘువీర్.

లూసీ అతనివైపు చూడలేదు. భర్త మొహంలోకే చూస్తోంది.

"చెప్పండి. ఏమైనా తెలిసిందా?"

అబద్ధం చెబితే ఆవిడకి కాస్త ఊరటగా ఉంటుందని రత్నరాజుకి తెలుసు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"లేదు లూసీ. నాకేమీ తెలియలేదు."

సోమవారం కోర్టులో వీళ్లు క్షమించామనో లేదనో చెప్పాల్సిన మనిషి, పోయిన వేసవిలో తమ ఏడేళ్ల కూతురు షారన్‌ని సైకిల్‌తో సహా ఇలాంటి చక్రాల కిందే తొక్కించి వెళ్లిపోయిన మనిషి, మొదటి రోజు నుంచీ పోలీసులకు చెబుతున్న మాట కూడా అదొక్కటే.