ఫొటోలో ఏముంది?

"గీడ ఆగిపోయింది మేడం. కంప్యూటర్ ఫొటో అని మాత్రమే చదువుతున్నది. ఫొటోల ఏముందో చెప్తలేదు" అన్నాడు ప్రహ్లాద్, ఇయర్‌ఫోన్ తీస్తూ.

డోర్కాస్‌కు ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రంలోగా ఆన్‌లైన్ కోర్సు క్లయింటుకు వెళ్లాలి. ఎన్నో దేశాల్లో ఉన్న ఉద్యోగులకు, తోటివాళ్లను ఎలా కలుపుకుపోవాలో నేర్పే కోర్సు అది.

చూపు లేనివాళ్లకూ అర్థం కావాలి కనుక ప్రతి ఫొటోకూ వివరణ రాయడం డోర్కాస్ పని. కంప్యూటర్ దాన్ని చదువుతుంటే విని, పాసో ఫెయిలో తేల్చడం ప్రహ్లాద్ పని. అతనికి పుట్టుకతోనే చూపు లేదు.

కోర్సు ఇప్పటికే ఒకసారి వెనక్కి వచ్చింది. మళ్లీ వస్తే డోర్కాస్ ఉద్యోగం వదిలి మెదక్ బస్సు ఎక్కాల్సిందే.

పోతే పోనీ అని ఒక్కోసారి అనిపించేది. అందరినీ కలుపుకుపొమ్మని ప్రపంచానికి చెప్పే ఆ అబిడ్స్ ఆఫీసులో ఆమెను పలకరించే నాథుడు లేడు. నాంపల్లి హాస్టల్ నుంచి తెచ్చుకున్న డబ్బా సీటు దగ్గరే విప్పుకుని, గబగబా తినేసేది.

"తిన్నరా?" అడిగాడు ప్రహ్లాద్.

"ఇక్కడే తింటా సార్."

"ఒక్కరేనా? కింద క్యాంటీన్‌కి రారాదు? మేం ఐదుగురం రోజూ కలిసే తింటం. నవ్వి నవ్వి కడుపు నొస్తది. నేనైతే ఎక్కువ మాట్లాడ, వింట."

డోర్కాస్‌కు ఈర్ష్య కలిగింది. ఈయనకున్న పాటి తోడు కూడా తనకు లేదు.

"రేపు తప్పకుండా వస్తా సార్. ముందు ఈ ఫొటో సంగతి చూద్దాం."

ఆమె టైపు చేసి వినిపించింది. 'క్యాంటీన్‌లో ఒక ఉద్యోగి ఒంటరిగా భోజనం చేస్తున్నాడు.'

"గంతేనా? ఒంటరని ఎట్లా తెలుస్తది?"

"అతని బల్ల దగ్గర ఇంకెవరూ లేరు సార్."

"క్యాంటీన్ల ఎవరూ లేరా?"

"ఉన్నారు. పక్క బల్ల దగ్గర నలుగురు నవ్వుకుంటున్నారు. ఇతని వైపు చూడటం లేదు."

"ఆయన మొఖం ఎట్లున్నది?"

"కనబడదు. వెనక నుంచి తీశారు."

"చుట్టుపక్కల ఏమున్నయి?"

ఈయన ప్రశ్నలకు అంతు లేదనుకుంది డోర్కాస్. "ఎడమ పక్క వాటర్ కూలర్. కుడి పక్క కిటికీ."

ప్రహ్లాద్ ఎడమ చెయ్యి పక్కకు చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఆ నలుగురు... ఆయన బల్ల కాడ కాదా కూసున్నది?"

"కాదు సార్, వేరే బల్ల."

"జర మంచిగ చూసి చెప్పుండ్రి."

ఆమెకు విసుగొచ్చింది. "టైం లేదు సార్! ఎన్నిసార్లు చూసినా ఒక్కడే ఉన్నాడు."

"ఔ. గట్లనే రాయుండ్రి."

రాసింది. అతను చివరిదాకా విన్నాడు. మళ్లీ మొదటికి వెళ్లి ఇంకోసారి విన్నాడు.

"పాస్ మేడం. గింత సాఫ్‌గ నాకిప్పటిదాక ఎవరూ చెప్పలే."

మడతపెట్టిన చేతికర్ర విప్పుకుంటూ వెళ్లిపోయాడు. డోర్కాస్ థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయి కోర్సు పంపే హడావుడిలో పడింది.

క్లయింటు ఒప్పుకున్నాడు. ఉద్యోగం నిలిచింది.

మర్నాడు డబ్బా పట్టుకుని మొదటిసారి క్యాంటీన్‌కు దిగింది. ఇవాళ తనకూ నలుగురున్నారని ఆమె మనసు తేలికపడింది.

ప్రహ్లాద్ ఎక్కడా లేడు. కింది సెక్షన్ వాళ్లు నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని నవ్వుకుంటున్నారు. వీళ్లే అయ్యుంటారనుకుంది.

"ప్రహ్లాద్ సార్ ఇంకా రాలేదా?"

"ఇంటికాన్నుంచే పని చేస్తడంట మేడం. పొద్దున మెయిల్ పెట్టిండు" అన్నాడొకడు.

"అయ్యో! రోజూ మీతోనే కదా తింటారు. మీకూ చెప్పలేదా?"

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మాతోని కాదు మేడం, పక్క బల్ల మీద ఒక్కడే తినేటోడు, మీ కోర్సుకు ఒంటరి మనిషి ఫొటో కావాల్నంటే మన కెమెరా భూపాల్ ఎనక నిలవడి తీసింది ఆయన్నే గద!"